పన్నెండో రైక

జూలై 6, 2025, ఆదివారం

అజయ్ కుమార్ మళ్ళీ మొదలుపెట్టాడు. "అక్కా, కొత్త వెర్షన్ బయటికి రావాలంటే బస్సెక్కి ఆళ్ళగడ్డ పోయి రావాల్సిన సాఫ్ట్‌వేర్ ప్రపంచం మొత్తమ్మీద మనదొక్కటే" అని మెసేజ్. కింద పళ్ళికిలించే బొమ్మ. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని నాతో కోడ్ రాసేవాడికి అన్నీ నవ్వులాటే.

వాడన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే ఒళ్ళు మండింది. 'రైక' పన్నెండో వెర్షన్ కోడ్ మే నెలలోనే పూర్తయింది. జూలై వచ్చినా ఇంకా నా కంప్యూటర్లోనే మూలుగుతోంది. మొదట నేను కాలేజీ పేపర్లు దిద్దే పనిలో పడ్డాను. తర్వాత గుల్జారత్త మోకాలు వాచింది. తర్వాత మొహర్రం వచ్చింది.

చేసే పని చూస్తే చిన్నదే. ఒంటి కొలతలిస్తే జాకెట్టు ముక్కలు ఎలా కోయాలో అసలు సైజులో కాగితం మీద గీసిచ్చే ప్రోగ్రాం. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. కానీ దాన్ని జనం చేతికి వదిలే ముందు చేయాల్సిన పనులు ఏడున్నాయి. 2019లో నేనే రాసిపెట్టిన జాబితా. ఆరు పనులు కంప్యూటర్లోనే అయిపోతాయి. ఏడోది: "గుల్జారత్త కుట్టి చూసి సరే అనాలి."

ఆ ఏడోదాని కోసం నేను నంద్యాలలో ఫ్లెక్సీలు కొట్టే షాపులో నమూనా ప్రింటు తీయించి, చుట్ట చుట్టుకుని, శిరివెళ్ళ మీదుగా పోయే ఆళ్ళగడ్డ బస్సు పట్టుకోవాలి. అత్త లైనింగ్ గుడ్డ మీద ఆ కాగితం పరిచి కోస్తుంది, కుడుతుంది, కోడలు హుస్నాకు తొడుగుతుంది. హుస్నా చేతులు పైకెత్తాలి, దించాలి, వెనక్కి తిప్పాలి. అత్త కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చూసి "సరే, ఇడ్సు" అంటే అప్పుడు విడుదల. విడుదల నోట్ చివరి వరుసలో "కుట్టి చూసినది: గుల్జార్‌బీ, ఆళ్ళగడ్డ" అని ఉంటుంది.

పదకొండు వెర్షన్లు అలాగే పోయాయి. ఏడు పనులనూ ఒక్క బటన్ కింద పెట్టేద్దాం అంటాడు అజయ్. నొక్కితే పది నిమిషాల్లో తనిఖీ, తయారీ, విడుదల అన్నీ అయిపోవాలట.

ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు.

జూలై 8

అవుకు నుంచి మంజుల ఫోను. అక్కడ పన్నెండు మిషన్లు పెట్టుకుని ఆడవాళ్ళు నడిపే కుట్టు సెంటరుకు ఈమే పెద్ద. ఏడాదిగా రైక వాడుతున్నారు. ఇదే మాట చెప్పడం ఇది మూడోసారి.

"మేడం, చంక కాడ పట్టేస్తాంది. చెయ్యెత్తితే రైక మొత్తం పైకొస్తాంది."

"గీత మీదే కోస్తున్నారా?"

"గీత మీదనే మేడం. గీత దాటొద్దని మీరే కదా చెప్పినారు."

"కత్తెర పదును చూసుకున్నారా?"

కత్తెర మొద్దుబారితే చంక ఎందుకు బిగుతవుతుందో నాకూ తెలియదు. నోటికొచ్చింది అనేశాను. పదకొండు సార్లు అత్త కుట్టి చూసినదాన్ని ఈమె తప్పంటే ఎలా ఒప్పుకునేది? కోసేవాళ్ళ చేతిలో ఏదో లోపముంటుంది.

ఆగస్టు పదిహేనుకు ఒక ప్రైవేటు స్కూళ్ళ సంస్థలో టీచరమ్మలందరికీ ఒకే రకం చీర, ఒకే రకం జాకెట్టు అట. నూట ఎనభై మంది. ఆగస్టు నాలుగున కోత మొదలుపెడతారట. "గుడ్డ ఒకసారి కోసినామంటే మళ్ళా అతికించలేం మేడం" అంది. అది నాకు తెలియదా?

జూలై 12

బటన్ పని మొదలుపెట్టాను. అత్త మోకాళ్ళ కోసమే. ఆమె మిషను తొక్కలేకపోతోందని హుస్నా ఫోన్లో చెప్పింది.

నాయన దేవసహాయం మాస్టారు ఆళ్ళగడ్డలో పనిచేసిన తొమ్మిదేళ్ళూ మా పక్క వాటా అత్తది. అమ్మ లేని పిల్లనని నా గౌన్లు, లంగాలు అన్నీ ఆమే కుట్టింది. నాకు మాత్రం గుండీ కుట్టుకోవడం కూడా రాదు. ఆమె నేర్పబోతే నేను లెక్కల పుస్తకం పట్టుకుని పారిపోయేదాన్ని. రైక పుట్టిందే ఆమె నోటి లెక్కల్లోంచి. "ఛాతీలో ఆరో వంతు ఈడికి, నాలుగో వంతు ఆడికి" అని ఆమె చెబుతుంటే రాసుకున్నాను, దాన్నే కోడ్ చేశాను. పొర్చుగీసులో, స్పానిషులో ఎవరెవరో "గుల్జార్‌కు థాంక్స్" అని రాస్తుంటారు. హుస్నా అవన్నీ ఫోన్లో చదివి వినిపిస్తే, "ఊరికే ఇచ్చేదానికి ఇంత మర్యాదేందీ" అంటుంది. అంటూనే మళ్ళీ చదవమంటుంది.

బటన్ వచ్చాక కూడా ఆమె పేరు ఉంటుంది. ఆ 'కుట్టి చూసినది' వరుసను విడుదల నోట్ అచ్చులోనే, అంటే టెంప్లేట్‌లోనే, పెట్టేశాను. ప్రతిసారీ దానంతట అదే పడుతుంది.

జూలై 13, ఆదివారం

అత్త కుట్టి చూడడానికి బదులు తనిఖీ చేసే కోడ్ ముక్క రాయాలంటే సరైన జవాబు ముందే తెలిసుండాలి. కంప్యూటర్ గీసిన గీతను దేనితో పోల్చాలి? చర్చిలో ప్రసంగం సాగుతుండగా తట్టింది. బీరువాలో ఉన్నాయి కదా, పదకొండు రైకలు! ప్రతి వెర్షనుకూ అత్త కుట్టినవి, అంచు మీద ఎర్రదారంతో ఒకటి, రెండు అని అంకె వేసి ఇచ్చినవి. వాటిని టేపు పెట్టి కొలుస్తాను. అవే సరైన జవాబులు. హుస్నా తొడుక్కుని చేతులెత్తినవి కదా, ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి!

పాస్టరుగారు ఇటు చూసినట్టున్నారు. నవ్వానేమో.

జూలై 17

పదకొండూ ఫెయిల్.

జూలై 18

టేపు మార్చి కొలిచాను. లైనింగ్ గుడ్డ సాగిందేమోనని తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి మళ్ళీ కొలిచాను. ప్రింటు సైజు తేడా పడిందేమోనని స్కేలు పెట్టి చూశాను. ఎన్ని చూసినా అదే. నడుము సరిపోతుంది, మెడ సరిపోతుంది, భుజం సరిపోతుంది. చంక గుండ్రం దగ్గర మాత్రం కాగితం కన్నా గుడ్డ అర ఇంచు ఎక్కువ. మొదటి రైక నుంచి పదకొండోదాని దాకా అంతే.

అంటే అత్త కోసింది నా కాగితం కాదు.

పొద్దున కాలేజీకి పోయి పాఠం చెప్పి వచ్చాను. ఏం చెప్పానో గుర్తులేదు. అత్త మీద కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే. తర్వాత మంజుల గుర్తొచ్చింది. "గీత మీదనే మేడం." ఆమెది కరెక్టే, మూడుసార్లూ కరెక్టే. ఎక్కడో దూరదేశపు ఆవిడ కూడా రెండేళ్ళ కిందట ఇదే రాసింది. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కోలా ఉంటుందని జవాబిచ్చి ఆ ఫిర్యాదు మూసేశాను.

జూలై 20, ఆదివారం

ఆళ్ళగడ్డ పోయొచ్చాను. కళ్ళారా చూశాను.

పన్నెండో వెర్షన్ కాగితం తీసుకుపోయాను, ఏమీ మార్చకుండా. నాలుగు రోడ్ల దగ్గర దిగి నడిచేసరికి చెమటతో కాగితం చుట్ట మెత్తబడింది. మోకాలి వాపు తగ్గి అత్త గడపలోనే కూర్చుని ఉంది.

"ఏం పాపా, ఇంత ఎండబడి వస్తాండావ్? ఆటో దొరకలేదా?"

గుడ్డ పరిచింది. కాగితం పైన పెట్టింది. ఒక మూల ఇస్త్రీపెట్టె, ఇంకో మూల దారాల డబ్బా బరువు పెట్టింది. సుద్ద తీసుకుంది. హుస్నా తమ్ముడి పెళ్ళి సంబంధం గురించి మాట్లాడుతూనే గీత మొదలుపెట్టింది. భుజం దగ్గర కాగితం అంచును పట్టుకునే పోయింది. చంక దగ్గరికి వచ్చేసరికి సుద్ద కాగితాన్ని వదిలి బయటికి పోయి, అర ఇంచు దూరంలో గుండ్రంగా తిరిగి, మళ్ళీ అంచుకు చేరింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. మాట కూడా ఆగలేదు.

"అత్తా, ఈడ కాగితం దాటి గీసినావు."

"యాడ?"

"ఈడ."

కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూసింది. "కాగితం జరిగింటాది." కాగితాన్ని సర్దింది. రెండో ముక్కకూ గీసింది. మళ్ళీ అర ఇంచు బయటికి పోయింది. "ఇప్పుడు సూడు, కుదిరింది" అంది.

ఆమెకు తెలియదు. యాభై ఏళ్ళుగా కోస్తున్న చెయ్యి అది. ఒంటికి ఏం కావాలో దానికి తెలుసు, కాగితం ఏమన్నా అది పట్టించుకోదు. నేను ఆమె నోటిని అడిగి లెక్కలు రాసుకున్నాను. చేతిని అడగలేదు.

సాయంత్రానికి కుట్టేసింది. హుస్నా తొడుక్కుని చేతులెత్తింది. ఒంటికి పోతపోసినట్టు కుదిరింది.

"సరే, ఇడ్సు" అంది అత్త.

బిర్యానీ పెట్టింది. తిన్నాను.

జూలై 21

చెప్పాల్సిన అవసరం లేదు. కోడ్ నేను సరిచేసుకుంటే చాలు. ఆరేళ్ళుగా తను చూసిందంతా ఉత్తదేనని డెబ్భై ఏళ్ళ మనిషికి చెప్పి సాధించేదేముంది?

జూలై 23

ఒక్క వరుస మార్పు. అర ఇంచు కలిపాను. పదకొండు రైకలతోనూ పోల్చి చూస్తే పాసయింది. అజయ్‌కు చెప్పాను. తర్వాత "అయితే ఏడోది ఇన్నాళ్ళూ ఏమీ తనిఖీ చేయలేదన్నమాట" అని రాశాడు. మాటలు జాగ్రత్తగా వాడమని చెప్పాను. వాడు తప్పుగా ఏమీ అనలేదు.

జూలై 27, ఆదివారం

ఇది నాకు ముందే తట్టి ఉండాల్సింది.

సరిచేసిన కాగితం తీసుకుని మళ్ళీ ఆళ్ళగడ్డ పోయాను. "పోయిన వారం సరే అంటినే, ఇంకేమైంది?" అంది అత్త. చిన్న మార్పులున్నాయన్నాను. కోసింది. కుట్టింది. హుస్నా చేతులెత్తింది. చంక కింద గుడ్డ వేలాడింది. నా కాగితం అర ఇంచు కలిపింది, అత్త చెయ్యి ఇంకో అర ఇంచు కలిపింది.

అత్త ముఖం చిట్లించింది. హుస్నాను ఇటు తిప్పి, అటు తిప్పి, చంకలో రెండు వేళ్ళు పెట్టి చూసింది.

"లేదు పాపా. ఇది బాలేదు. లూజు కొడతాంది. పోయిన వారందే బాగుండె, దాన్నే ఇడ్సు. దీన్ని ఇడ్సొద్దు."

"కొంచెమే కదత్తా."

"కొంచెమేందీ? రెండు వేళ్ళు దూరతాండాయి. దేశాలోల్లంతా చూసేది. నా పేరు ఉండాదా లేదా దాంట్లో? ఇడ్సొద్దు అంటే ఇడ్సొద్దు."

నోటి దాకా వచ్చింది. హుస్నా చాయ్ తెచ్చింది, అత్త నా జుట్టు పల్చబడిందని మొదలుపెట్టింది, బస్సు టైమయింది.

ఇవి సాకులే. చెప్పాలనుకుంటే బస్సు మళ్ళీ అరగంటకు ఇంకోటి ఉంది.

జూలై 30

ఆరేళ్ళుగా తప్పు వెర్షన్లన్నిటికీ సరే అంది. సరైనది ఒక్కటి వస్తే వద్దంది. నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

మంజుల ఫోను చేసింది. ఈసారి నేనే ముందుగా, "మీరు చెప్పింది నిజమే, చంక దగ్గర మాదే తప్పు. సరిచేశాం" అన్నాను. "అయితే తొందరగా ఇయ్యండి మేడం, సోమవారం కోత" అంది. కోపం చేసుకోలేదు. చేసుకుని ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆగస్టు 1

అజయ్: "ఏడోది తీసేద్దాం అక్కా. లేదంటే ఆమెకు విషయం చెప్పేయ్. రెండిట్లో ఏదో ఒకటి చెయ్."

రెండిట్లో ఏదీ చేయను అనుకున్నాను. చేయకుండా ఎలా ఉండొచ్చో చూస్తున్నాను.

ఆగస్టు 2, శనివారం

నొక్కాను. తనిఖీ పాస్. తయారీ పాస్. విడుదల. తొమ్మిది నిమిషాలు పట్టింది. మే నుంచి ఆగిన పని.

నోట్ కింద అత్త పేరున్న ఆ పాత వరుస ఉన్న సంగతి గుర్తులేదు. దానంతట అదే పడిపోయింది.

ఆగస్టు 5

మంజుల ఫోటో పంపింది. మొదటి జాకెట్టు వేసుకుని ఒక టీచరమ్మ నల్లబల్ల పై అంచు దాకా చెయ్యెత్తి సుద్దతో రాస్తోంది. జాకెట్టు కదల్లేదు. "ఫస్టుక్లాసు మేడం! అందరికీ ఇదే కోస్తాండాం" అని వాయిస్ మెసేజ్. వెనకాల మిషన్ల చప్పుడు. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఆ మెసేజ్ నాలుగుసార్లు విన్నాను.

ఆగస్టు 6

కాలేజీలో ఉండగా హుస్నా ఫోను.

"అక్కా, పన్నెండోది వచ్చిందని ఫోన్లో చూపిస్తాంది. మా అత్తకు చదివి వినిపించినా. 'కుట్టి చూసినది గుల్జార్‌బీ' అని ఉండాది. ఆమె వద్దనింది కదా? ఇప్పుడు అడగమంటాంది."

నేను ఏదో గొణిగాను. అత్త ఫోను లాక్కుంది.

"లూదీ, నేను సరే అన్లే."

"అవునత్తా."

"మరి అన్నట్టు ఎట్ల రాసినావ్?"

"నేను రాయలేదత్తా, మిషను..."

"మిషనా? మిషనుకు నా పేరెవురు జెప్పినారు?"

పెట్టేసింది. ముప్ఫై ఏళ్ళలో ఆమె నా ఫోను మధ్యలో పెట్టేయడం ఇదే మొదలు.

ఆగస్టు 7

గుర్తుంది. బటన్ నొక్కే ముందు నోట్ ఎలా పడుతుందో తెర మీద మొత్తం కనబడుతుంది. చివరి వరుస దాకా చదివాను. ఆ పేరు చూశాను. ఇప్పుడు దీన్ని తీయాలంటే ఎందుకు తీశానో ఆమెకు చెప్పాలి కదా అనుకున్నాను. అందుకే ఉంచాను. శనివారం రాసింది అబద్ధం.

నా డైరీలో నాకే అబద్ధం రాసుకున్నాను. ఎవరు చదువుతారని?

ఆగస్టు 10, ఆదివారం

పదకొండు రైకలూ సంచిలో వేసుకుని, పదకొండు కాగితాలూ మళ్ళీ ప్రింటు తీయించుకుని, చర్చి ఎగ్గొట్టి పొద్దున బస్సుకే పోయాను. భయమేసింది. నాయన పోయాక నేను చెప్పకుండా పోయి అన్నం పెట్టమని అడగగలిగిన ఇల్లు అదొక్కటే. అది పోతుందనే భయం. నెలరోజులుగా అత్త మోకాళ్ళు, అత్త మనసు, అత్త వయసు అని రాస్తున్నాను కానీ అసలు భయం ఇదే.

అత్త కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను. మొత్తం చెప్పాను. అర ఇంచు సంగతి, సుద్ద బయటికి పోవడం, అవుకు వాళ్ళ ఫిర్యాదు, నేను సరిచేయడం, అందుకే పోయినసారి లూజు రావడం.

ఆమె నమ్మలేదు. టేపు తీసుకుంది. ఒకటో రైక, ఒకటో కాగితం. "అర ఇంచి." రెండో రైక, రెండో కాగితం. "అర ఇంచి." పదకొండూ తనే కొలిచింది. హుస్నా కాగితాలు పట్టుకుంది. మధ్యలో చాయ్ వచ్చింది, చల్లారిపోయింది.

"అయితే ఆరేండ్లు నేను సూసిందేందీ?"

"నీ చేతిపని చూసినావత్తా. నా కాగితం కాదు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పోయిన నెల పదిహేడున."

"ఆపైన రెండు మాట్లు వచ్చినావే. ఆ గడపలో కూచోని తిని పోయినావే."

"నువ్వు బాధపడతావని..."

"పడతా. పడితే ఏమి? పడేది నేను కదా, నీకేం నొప్పి?" టేపు చుట్టి పక్కన పెట్టింది. "అర ఇంచి సంగతి పోనీ. చేతికి అలవాటు, చేసింది. దానికి నాకు సిగ్గు లేదు. నేను వద్దంటే సరే అనిందని దేశాలకంతా చెప్పినావ్ చూడు, దానికి సిగ్గైతాంది నాకు."

ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆమె నన్ను దగ్గరికి తీసుకోలేదు. ఏడవనిచ్చింది. కాసేపాగి మంచినీళ్ళ చెంబు నా వైపు జరిపింది.

"ఇంకోటి చెప్తా విను. ఇది నా చేతికిచ్చినావే, ఆడ ఉండాది తప్పు. పని వచ్చినోల్ల చేతికిస్తే కాగితం మంచిదో చెడ్డదో ఎట్ల తెలుస్తాది? వాల్లే సరిచేసుకుంటారు. పని రానిదాని చేతికియ్యాల. అది కాగితం జూసి కోస్తాది. అవుకులో ఆయమ్మ చెప్తాంటే విన్నావా? మూడు మాట్లు చెప్పిందంటివే. ఆయమ్మ కదా నిజంగా కుట్టి సూసింది!"

ఆరేళ్ళ సాఫ్ట్‌వేరు, ఇద్దరు ఇంజనీర్లు. మాకెవరికీ తట్టలేదు.

తర్వాత ఫోను తీయమంది. పాత నోట్లు ఒక్కొక్కటే చదవమంది. ఒకటో వెర్షన్ చదివాను. "నా పేరు తీసెయ్" అంది. వద్దత్తా, ఆ లెక్కలన్నీ నీవే కదా అన్నాను. "లెక్కలు నావి అని రాసుకో. కుట్టి చూసింది అని రాయొద్దు. నేను కాగితం సూడ్లేదు." రెండోది చదివాను. "తీసెయ్." మూడోది. "తీసెయ్." పదకొండూ అక్కడే కూర్చుని తీశాను. తీసిన ప్రతిసారీ హుస్నా తన ఫోన్లో చూసి "పోయింది" అని చెప్పేది. పదకొండోది పోయాక అత్త కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. కళ్ళు కూడా తుడుచుకుంది.

పన్నెండోది మిగిలింది.

"ఇదీ తీసేస్తానత్తా."

"ఆగు. ఇది మంచిదేనా?"

"మంచిదే. అవుకులో నూట ఎనభై మందికి కోస్తున్నారు."

"నేను వద్దన్నది నిజమేనా?"

"నిజమే."

"అయితే అది రాయి. కుట్టింది గుల్జార్‌బీ, వద్దనింది, ఆమె మాట వినకుండా ఇడ్సినాం అని రాయి. తీసేయొద్దు."

"అత్తా, ఎవరైనా చదివితే..."

"చదువుకోనీ. ఎందుకు వద్దనిందో కూడా రాయి. నా అర ఇంచి, నీ అర ఇంచి, రెండూ రాయి."

అక్కడే రాశాను. హుస్నా చదివి వినిపించింది. అత్త మొత్తం విని, ఒక మాట మార్పించింది. నేను "గుల్జార్‌బీ అంగీకరించలేదు" అని రాశాను. "అట్ల ఎవురంటారు? వద్దనింది అని రాయి" అంది. మార్చాను.

అప్పుడు అన్నం పెట్టింది.

ఆగస్టు 12

అజయ్ ఫోను. "అక్కా, విడుదల నోట్‌లో ఇలా ఎవరైనా రాసుకుంటారా?" రాసుకున్నాం కదా అన్నాను.

బటన్ మార్చాను. అచ్చులోంచి ఆమె పేరు తీసేశాను. ఆ వరుస ఇప్పుడు ఖాళీ. తొలిసారి కత్తెర పట్టినవాళ్ళెవరితోనైనా ఆ కాగితం కోయించి, వాళ్ళు ఏమన్నారో అడిగి, వాళ్ళ మాటల్లోనే చేత్తో రాసేదాకా బటన్ కదలదు. సరే అన్నా రాయాలి, వద్దన్నా రాయాలి. అజయ్ అంతా విని, దీన్ని ఆటోమేషన్ అనరు అన్నాడు.

అనకపోతే మానె. పదమూడోది కోయడానికి ఈ ఆదివారం నన్నే రమ్మంది అత్త.